ఆ వీధి మళ్ళీ ఆమెది కావాలి

విశాఖపట్నం

చి. చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మెయిల్ ప్రింటు తీయించుకుని నింపాదిగా చదివాను. నేరాల బారిన పడి మనసు చెదిరినవాళ్ళకి వర్చువల్ రియాలిటీ, అంటే వీఆర్‌తో చికిత్స చేసే సాఫ్ట్‌వేర్ మీ కంపెనీ తయారుచేయబోతోందనీ, అందులో దృశ్యాలు కట్టే పని నీకు అప్పజెప్పారనీ తెలిసి చాలా సంతోషించాను. నా ఉద్యోగమంతా అలాంటివాళ్ళ ఎదుట కూర్చునే గడిచింది కాబట్టి నీ పని నాకు పరాయిది కాదు. చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "జరిగిన ఘటనని ఎంత నిజంలా చూపిస్తే అంత మేలని మావాళ్ళు అంటున్నారు, అవునా పెద్దమ్మా?" అన్నావు. కాదమ్మా. నేరాన్ని నువ్వు కట్టకూడదు. ఆ నేరం జరిగాక బాధితురాలు అడుగు పెట్టలేకపోతున్న చోటును కట్టాలి. ఎందుకో వివరంగా రాస్తాను. మీవాళ్ళకి కూడా చదివి వినిపించు.

ముందు మనిషి సంగతి. పేరూ ఊరూ చెప్పను, ఇలాంటి ఆవిడ మన కాలనీలు అన్నిట్లోనూ ఉంటుంది. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తోంది. వెనక బైక్ నెమ్మదించిన చప్పుడు వినబడింది. ఎవరో అడ్రసు అడుగుతారనుకుని తల ఎత్తేలోగా మెడలోని పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ మీద గీత కొన్నాళ్ళకి మానిపోయింది. ఆవిడ మాత్రం వాకిట్లోకి రావడం మానేసింది. ముగ్గు పనిమనిషి వేస్తోంది. కూరగాయలు కొడుకు తెస్తున్నాడు. ఆ కొడుకే కింద బైక్ స్టార్ట్ చేసినా ఆవిడకి గుండె దడ, అరచేతుల్లో చెమట. రాత్రి నిద్రలో మెడ తడుముకుంటూ లేస్తుంది. చుట్టాలు వచ్చి, "పోయింది బంగారమేగా, ప్రాణం దక్కింది, సంతోషించు" అంటారు. ఇంకొకరు మంగళసూత్రం పోవడం మంచిది కాదని పెదవి విరుస్తారు. మొదటి మాట ఆవిడ భయాన్ని చిన్నది చేసింది, రెండోది దానికి ఇంకో భయం కలిపింది. దొంగ పట్టుకుపోయిన నగ కథ పోలీసుల రికార్డులో ఉంటుంది. వాకిలి, వీధి, సందు చివర కొట్టు, సాయంత్రం గుడి, వీటిని ఆవిడ ఎలా పోగొట్టుకుందో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ రాయరు.

మనిషి కీడు జరిగిన చోటికి దూరంగా ఉండటం సహజం. దూరంగా ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతుంది. ఆ ఊరటే భయాన్ని పెంచి పోషిస్తుంది. వెళ్ళలేదు కాబట్టి ఏమీ కాలేదు అని మనసు లెక్క కడుతుంది. వెళ్ళినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు దీని మీద జీవితకాలం పనిచేసింది. దెబ్బతిన్న మనిషిలో రెండు నమ్మకాలు పాతుకుపోతాయని ఆమె చెప్పింది: లోకమంతా ప్రమాదమే, నేను దేనికీ చాలను. ఈ రెంటినీ మాటలతో కడిగేయలేం. భయపడ్డ సంగతిని భద్రమైన చోట, తోడుగా ఒక మనిషి ఉండగా, మళ్ళీ మళ్ళీ ఎదుర్కొన్నప్పుడే అవి సడలుతాయి. ఆమె పద్ధతిని ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అంటారు. ఆ పద్ధతి సైనికుల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1991లో ఫోవా బృందం ప్రచురించిన తొలి ముఖ్యమైన అధ్యయనం అత్యాచారానికి గురైన 45 మంది స్త్రీల మీద చేసినది. అంతకు ముందు 1974లో బోస్టన్‌లో నర్సు ఆన్ బర్జెస్, సామాజిక శాస్త్రవేత్త లిండా హోమ్‌స్ట్రామ్ ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన స్త్రీలతో మాట్లాడి, ఇలాంటి దాడి తర్వాత మనసుకీ ఒంటికీ ఏమేమి జరుగుతుందో మొదటిసారి శ్రద్ధగా రాసిపెట్టారు. ఇలాంటి స్థితికి పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కింది 1980లో. అంటే నేర బాధితులు ఈ శాస్త్రంలోకి ఆలస్యంగా వచ్చిన అతిథులు కాదు, మొదటి నుంచీ ఉన్నవాళ్ళు. మీ మీటింగుల్లో ఎవరైనా దీన్ని సైనికుల టెక్నాలజీ అంటే ఈ మాట చెప్పు.

ఆ చికిత్స ఎలా జరుగుతుందో తెలిస్తేనే నీ దృశ్యం ఎక్కడ ఇముడుతుందో తెలుస్తుంది. సెషన్ గంటన్నర దాకా ఉంటుంది, మొత్తం ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు. మొదట్లో జరిగేది మాటలే: ఏం జరిగింది, ఇప్పుడు దేనికి భయం, ఏ ఏ చోట్లకి వెళ్ళడం మానేశావు. తర్వాత కళ్ళు మూసుకుని, ఆ రోజు జరిగింది ఇప్పుడు జరుగుతున్నట్టుగా పైకి చెప్పాలి. చెప్పింది రికార్డు చేసి ఇస్తారు, ఇంటి దగ్గర వినాలి. దానితో పాటు, మానేసిన చోట్ల జాబితా రాసుకుని, తేలికైన చోటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ నిజంగా వెళ్ళి చూడాలి. ప్రతి దశలోనూ భయం ఎంత ఉందో సున్నా నుంచి నూరు మధ్య అంకె చెప్పమంటారు. నూరంటే అంతకు మించి భయం లేదని. డెబ్బై అన్న మనిషి, అక్కడే నిలబడితే, కాసేపటికి యాభై అంటుంది. తర్వాతి వారం అదే చోటుకి నలభై అంటుంది. ఆ అంకె దిగడాన్ని ఆ మనిషే చూసుకోవడం ఈ చికిత్సలో ఆయువుపట్టు.

ఇందులో రెండు చోట్ల మనుషులు ఆగిపోతారు. కొందరికి కళ్ళు మూసుకుంటే ఏమీ రాదు. పేపర్లో వార్త చదివినట్టు చెప్పుకుపోతారు, మనసు మొద్దుబారి ఉంటుంది. ఇంకొందరు నిజమైన వీధిలోకి వెళ్ళమంటే వెళ్ళరు, వెళ్ళలేరు. ఈ రెండు మెట్ల దగ్గర వీఆర్ చేయి అందిస్తుంది. కళ్ళు మూసుకుని ఊహించుకోవడానికీ, కాళ్ళతో నడిచి వెళ్ళడానికీ నడుమ అది ఒక మెట్టు అవుతుంది. నువ్వు కట్టాల్సింది ఆ మెట్టునే. గమ్యం ఎప్పుడూ నిజమైన వాకిలే.

ఈ మెట్టును మొదట కట్టినవాళ్ళు అట్లాంటావాళ్ళు. అప్పట్లో ఎమరీ విశ్వవిద్యాలయంలో బార్బరా రోత్‌బామ్ సైకాలజిస్టు, పక్కనే జార్జియా టెక్‌లో లారీ హాడ్జెస్ కంప్యూటర్ శాస్త్రవేత్త. 1995లో ఎత్తులంటే భయపడేవాళ్ళ మీద వాళ్ళు చేసిన అధ్యయనం వెలువడింది. ఆ తర్వాత వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్ళ కోసం వర్చువల్ వియత్నాం కట్టారు. అందులో ఉన్నవి రెండే: ఒక హెలికాప్టర్ ప్రయాణం, అడవి నడుమ ఒక ఖాళీ స్థలం. ఆ కాలపు బొమ్మలు మీ ఇప్పటి బొమ్మల ముందు నిలవవు. అయినా సైనికులకి ఒళ్ళు జలదరించింది, జ్ఞాపకాలు కదిలాయి. దృశ్యంలో శత్రువులు లేకపోయినా కనబడ్డారని చెప్పినవాళ్ళున్నారు. ఈ సంగతిని గట్టిగా పట్టుకో చిన్నీ. మిగతాది మనిషి జ్ఞాపకం తనే తెచ్చుకుంటుంది. నువ్వు తెచ్చి పెట్టనక్కర్లేదు.

న్యూయార్కులో వాడిన దృశ్యం మాత్రం దీనికి ఎదురు సాక్ష్యంలా కనబడుతుంది, కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కార్నెల్ వైద్య కళాశాలకి చెందిన జోఆన్ డిఫీడ్, సియాటిల్‌లోని హంటర్ హాఫ్‌మన్‌తో కలిసి ఆ జంట భవనాల దృశ్యం తయారుచేసింది. 26 ఏళ్ళ యువతి ఒకామె అప్పటికే ఊహతో చేసే ఎక్స్‌పోజర్ ప్రయత్నించి ఏమీ మేలు కాక వచ్చింది. వీఆర్‌లో గంట చొప్పున ఆరు సెషన్లు చేశాక ఆమె లక్షణాలు బాగా తగ్గాయని 2002లో రాశారు. అక్కడ విమానం భవనాన్ని ఢీకొనడం కూడా చూపించారు, నిజమే. ఎలా చూపించారో గమనించు. మొదట విమానం భవనాల మీదుగా ఊరికే ఎగిరి వెళ్ళిపోతుంది. ఆమె అంకె దిగాక మరో మెట్టు. ఢీకొంటుంది, పేలుడు ఉండదు, శబ్దం ఉండదు. తర్వాత శబ్దం. ఇలా ఒక్కో పొర. పైగా అది ప్రపంచమంతా టీవీలో చూసిన దృశ్యం, అందరిదీ ఒకటే. మీ దగ్గరికి వచ్చే మనిషి విషయం అలా కాదు. ఆమెకు జరిగింది ఆమెకు, చేసినవాడికి తప్ప మూడోవాళ్ళకి తెలియదు. దాన్ని ఎవరి ఊహలోంచి కడతావు?

నీ ప్రశ్నకి నాకు తెలిసినంతలో అందరికంటే సూటిగా జవాబు చెప్పింది లాస్ ఏంజిలిస్‌లోని స్కిప్ రిజో బృందం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చినవాళ్ళ కోసం ఆయన కట్టిన వ్యవస్థ ఇప్పుడు బ్రేవ్‌మైండ్ పేరుతో ఉంది. అందులో వాసనలు వదిలే యంత్రం ఉంటుంది, కాళ్ళ కింద వేదిక అదురుతుంది. చికిత్స చేసే మనిషి పక్కనే కూర్చుని, రోగి చెబుతున్న కథను బట్టి పగలు, రాత్రి, పొగ, పేలుడు ఒక్కొక్కటీ జోడిస్తుంటారు. తర్వాత వాళ్ళు సైన్యంలోనే తోటివాళ్ళ చేతిలో లైంగిక దాడికి గురైనవాళ్ళ వైపు దృష్టి పెట్టారు. బాంబుల్ని, కాల్పుల్ని అంత నిజంలా చూపించగల ఆ బృందమే ఇక్కడ చేయి వెనక్కి తీసుకుంది. దాడిని చూపించకూడదని ముందే తీర్మానించుకుంది. అలాంటి దాడులు జరిగే స్థావరం గదులూ దారులూ పరిసరాలూ కట్టారు. రోగి ఆ చోట నిలబడి, తన మాటల్లో తను చెప్పుకుంటుంది. 15 మంది మాజీ సైనికులతో ఎమరీలో చేసిన తొలి పరీక్ష 2019లో వెలువడింది. మనుషులు దాన్ని తట్టుకున్నారు, లక్షణాలు తగ్గాయి. అది చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి మరో గుంపు లేదు, కాబట్టి దాన్ని పెద్ద రుజువుగా చూపించి డబ్బులు అడగవద్దని మీవాళ్ళకి చెప్పు. దాడిని చూపించకూడదన్న తీర్మానం మాత్రం రుజువు కోసం ఆగనక్కర్లేనిది.

స్పెయిన్‌లో బార్సిలోనా పరిశోధకులు ఇంకో పని చేశారు. గృహహింస చేసి శిక్షలో భాగంగా కార్యక్రమానికి వచ్చిన మగవాళ్ళకి వీఆర్‌లో ఒక స్త్రీ శరీరం ఇచ్చి, ఎదుట ఒక మగవాడు అరుస్తూ మీదికి వస్తుంటే ఎలా ఉంటుందో చూపించారు. 2018లో వచ్చిన ఆ పరిశోధనలో, అనుభవం తర్వాత ఆ మగవాళ్ళు స్త్రీల ముఖాల్లో భయాన్ని మునుపటికంటే బాగా గుర్తుపట్టగలిగారు. నేరాన్ని లోపలి నుంచి చూడాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే. అనుభవించినామెకి కొత్తగా చూపించేదేముంది?

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి. ఇది అమెరికా సైనికుల పుస్తకాల్లో నీకు దొరకదు. సైనికుడు తన యుద్ధం గురించి బోనెక్కి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. మీ దగ్గరికి వచ్చే మనిషి రోగి మాత్రమే కాదు, కేసులో సాక్షి కూడా. మన కోర్టుల్లో కేసు ఎంతకాలం సాగుతుందో నీకు తెలుసు. పిల్లల కేసుల్లో విచారణ వీలైనంతవరకు ఏడాదిలోగా ముగించాలని పోక్సో చట్టం చెబుతున్నా, ముగియనివి ఎన్నో. సాక్షి జ్ఞాపకం సంగతి చూడు. సైకాలజిస్టు ఎలిజబెత్ లోఫ్టస్ 1974లో ఒక కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, తర్వాత అడిగే ప్రశ్నలో ఒక్క క్రియ మార్చింది. ఆ మాటకే జనం కార్ల వేగం ఎక్కువ చెప్పారు, వారం తర్వాత అడిగితే అసలు లేని పగిలిన అద్దం ముక్కలు చూశామన్నవాళ్ళు పెరిగారు. ఒక మాటకే జ్ఞాపకం అలా వంగితే, కళ్ళ నిండా పరుచుకునే దృశ్యానికి ఎంత వంగుతుందో ఆలోచించు. నువ్వు ఎర్ర చొక్కా వేసిన బొమ్మని పెట్టావనుకో. ఆరు సెషన్ల తర్వాత ఆమె జ్ఞాపకంలో ఆ చొక్కా ఎవరిది? డిఫెన్సు లాయరు లేచి, "అమ్మా, ఆ కంప్యూటర్ బొమ్మలో చూసిందే చెబుతున్నావు కదూ?" అని అడిగితే ఆమె ఏమని జవాబివ్వాలి? చికిత్సే ఆమె న్యాయానికి అడ్డం పడుతుంది. అందుకని చికిత్స ఆపమని అనడంలేదు. విచారణ కోసం బాధితుల చికిత్స వాయిదా వేయకూడదని ఇంగ్లండ్, వేల్స్ ప్రాసిక్యూషన్ సర్వీస్ 2022లో స్పష్టంగా రాసింది. నేనూ అదే అంటాను. కేసు పూర్తయ్యేదాకా బాధపడుతూ ఉండమనడం క్రూరత్వం. చికిత్స జరగాలి, ఆ దృశ్యంలో నిందితుడు ఉండకూడదు, ఆమె చెప్పని వివరం ఒక్కటీ ఉండకూడదు. సందు, దీపస్తంభం, గేటు, బైక్ శబ్దం. అంతే చాలు.

కోర్టు మాట వచ్చింది కాబట్టి నా కోరిక ఒకటి. బాధితులకి రెండో భయం కోర్టు హాలే. బోను ఎక్కడ, జడ్జిగారు ఎంత ఎత్తున కూర్చుంటారు, ఎదుటి లాయరు ఎక్కడి నుంచి అరుస్తాడు, నిందితుడు ఎంత దూరంలో ఉంటాడు, ఏదీ తెలియక ఆ రోజు గొంతు పెగలక వెనుదిరిగినవాళ్ళని చూశాను. బలహీన స్థితిలో ఉన్న సాక్షుల కోసం జిల్లాల్లో ప్రత్యేక కేంద్రాలు ఉండాలని సుప్రీం కోర్టు 2022లో ఆదేశించింది. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఈ దారిలో చాలా పని చేసింది. నువ్వు ఒక ఖాళీ కోర్టు హాలు కట్టిపెట్టు. కేసు గురించి ఒక్క ముక్క లేకుండా. ఆమె లోపలికి నడిచి, బోనెక్కి, తన పేరు గట్టిగా చెప్పి దిగిరావాలి. దానికి పెద్ద ఖర్చు లేదు, మేలు చాలా ఉంటుందని నా నమ్మకం.

మీ ప్రాజెక్టు ఎవరికి పనికిరాదో కూడా ముందే తెలుసుకోండి. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా చెబుతోంది. ఇంట్లోవాడు, పక్కింటివాడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. ఆమె భయం చీకటి సందు కాదు. నువ్వు ఎంత అందమైన సందు కట్టినా ఆమెకి సంబంధం లేదు. కొట్టే మొగుడితో ఇంకా అదే ఇంట్లో ఉంటున్నామెకి భయం తగ్గించే చికిత్స చేయడం ప్రమాదం కూడా. ఆ భయం ఆమెని కాపాడుతోంది. ఆమెకి ముందు కావలసింది తలదాచుకునే చోటు, లాయరు, చేతిలో నాలుగు రూపాయలు. జరిగిపోయిన ప్రమాదానికే ఎక్స్‌పోజర్, జరుగుతున్న దానికి కాదు. మీ హెడ్‌సెట్ పెట్టే ముందు కౌన్సిలర్ వేయాల్సిన మొదటి ప్రశ్న: ప్రమాదం ముగిసిందా?

తొందర కూడా వద్దు. రోత్‌బామ్, ఫోవా తదితరులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో అత్యాచారం జరిగిన రెండు వారాల లోపు 94 శాతం మంది స్త్రీలలో లక్షణాలు పూర్తిగా కనబడ్డాయి. మూడు నెలలకి అవి 47 శాతం మందిలోనే మిగిలాయి. అంటే సగానికి పైగా మనుషుల అండతో, కాలంతో తేరుకున్నారు. మిగిలినవాళ్ళలో చాలామంది తమంతట తాము తేరుకోలేరు, వాళ్ళకే చికిత్స. ఎవరు మిగులుతారో ముందే గుర్తించడంలో వీఆర్ సాయపడుతుందని లండన్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం చూపించింది. దెబ్బలు తిని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 106 మందిని వీఆర్‌లో ఒక మామూలు రైలు పెట్టెలో కూర్చోబెట్టారు. చుట్టూ మామూలు ప్రయాణికులు, ఎవరూ ఏమీ చేయరు. ఆ ప్రయాణికుల మధ్య వాళ్ళకి ఎలా అనిపించిందన్నది, ఆరు నెలల తర్వాత ఎవరికి అనుమానాలు, పాత ఘటన లక్షణాలు మిగిలాయో చెప్పగలిగింది. దాడి లేదు, రక్తం లేదు. రైలు పెట్టె ఒక్కటే.

ఇంకా దూరం వెళ్ళినవాళ్ళున్నారు. స్పెయిన్‌లోనే క్రిస్టినా బొతేయా, రోసా బాన్యోస్ ఎమ్మా లోకం అని ఒకటి తయారుచేశారు. అందులో నిజమైన చోటు అసలు ఉండదు. మనసును బట్టి ఎడారి, అడవి, మంచు కప్పిన ఊరు, పచ్చిక బయలు వస్తుంటాయి. రోగి తన బాధకి గుర్తుగా వస్తువుల్ని ఎంచుకుని అక్కడ పెట్టుకుంటుంది, మార్చుకుంటుంది. దాడులకి గురైనవాళ్ళతో కూడా దాన్ని వాడారు. నీలాంటి చిత్రకారిణికి అది తప్పక నచ్చుతుంది.

ఇప్పుడు నీ చేతిపనికి సంబంధించినవి. హెడ్‌సెట్ పెట్టుకుంటే మనిషికి గది కనబడదు. వెనక నుంచి దాడి జరిగినామెకి అదే పెద్ద పరీక్ష. తలకి బిగించే పట్టీ, మెడ దగ్గర తగిలే తీగ కూడా అంతే. గొలుసు తెంచిన మెడ అది. మొదటి సెషన్‌లో దృశ్యమే వద్దు. హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకుని చూడనీ, తనే పెట్టుకోనీ, తనే తీసేయనీ. తలుపు ఎటుందో, కౌన్సిలర్ ఎటు కూర్చుందో ముందే చెప్పాలి, చెప్పకుండా కౌన్సిలర్ కుర్చీ కదపకూడదు. ముట్టుకోవడం అసలు కూడదు. తల తిప్పితే బొమ్మ ఆలస్యంగా కదిలితే కడుపులో తిప్పుతుంది, భయపడే మనిషి ఆ తిప్పటాన్ని కూడా భయమనే అనుకుంటుంది. కాబట్టి బొమ్మ అందం తగ్గినా సరే, తడబాటు లేకుండా నడవాలి.

శబ్దం విషయంలో మాత్రం పీనాసితనం పనికిరాదు. ఆవిడని భయపెట్టేది బైక్ బొమ్మ కాదు, వెనక నుంచి వచ్చే బైక్ చప్పుడు నెమ్మదించడం. ఆ నెమ్మదించే క్షణం నువ్వు రికార్డు చేయగలగాలి. దూరంగా ఒకటి, దగ్గరగా ఒకటి, ఆగకుండా వెళ్ళిపోయేది ఒకటి, పాలవాడి మోపెడ్ ఒకటి. పొద్దుటి వీధికి దాని చప్పుళ్ళుంటాయి: సుప్రభాతం, బోరింగు, పేపరువాడి సైకిలు బెల్లు. అవన్నీ ఉంటేనే బైక్ చప్పుడు వాటిలో ఒకటవుతుంది. ఒక్క బైకే వినబడితే అది మళ్ళీ దొంగదే.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఆపే బటన్. అది ఆమె చేతిలో ఉండి తీరాలి. ఆ రోజు తన చేతిలో ఏమీ లేని మనిషికి ఇక్కడ అధికారం ఇవ్వకపోతే చికిత్స కూడా ఇంకో బలవంతమే. కానీ భయం పతాకస్థాయిలో ఉండగా హెడ్‌సెట్ తీసి పారేస్తే, తప్పించుకున్నాను కాబట్టి బతికాను అని మనసు మళ్ళీ పాత పాఠమే నేర్చుకుంటుంది. అందుకని పూర్తిగా ఆపేదానికి ముందు వెనక్కి తగ్గే బటన్ ఒకటి పెట్టు. నొక్కితే బైక్ దూరం జరగాలి, చప్పుడు తగ్గాలి, తెల్లవారు వెలుతురు పెరగాలి. ఆమె వీధిలోనే ఉంటుంది, వీధి ఆమె మాట వింటుంది. అంకె దిగాక మళ్ళీ తనే దగ్గరికి తెచ్చుకుంటుంది. ఈత నేర్చుకునే పిల్లకి చెరువు గట్టు చేతికందే దూరంలో ఉండటం లాంటిదిది. మీ డిజైన్‌లో నేను పట్టుబట్టేది ఏదైనా ఉంటే ఇదే.

సెషన్‌కి ముందు నెమ్మది మాత్ర వేసి పంపే అలవాటు మన దగ్గర ఉంది. అమెరికాలో 156 మంది మాజీ సైనికుల మీద రోత్‌బామ్ చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో వీఆర్ సెషన్ ముందు ఆల్ప్రజోలం తీసుకున్నవాళ్ళు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళకంటే వెనకబడ్డారు. భయం పూర్తిగా మత్తులో ఉంటే అది నేర్చుకునేదేమీ ఉండదు. మీతో పనిచేసే డాక్టరుతో ఈ మాట ముందే అనుకోండి.

యంత్రం గొప్పదని ఎక్కడా ఎక్కువ చేసి చెప్పకండి. 162 మంది అమెరికా సైనికుల మీద గ్రెగ్ రెగర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో వీఆర్‌తో చేసినా, వీఆర్ లేకుండా చేసినా, చికిత్స ఏదీ అందనివాళ్ళకంటే ఇద్దరూ మెరుగయ్యారు. కొన్ని నెలల తర్వాత చూస్తే వీఆర్ లేని పాత పద్ధతే కాస్త ముందుంది. కాబట్టి కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషికి మీ హెడ్‌సెట్ అవసరం లేదు. చెప్పలేనివాళ్ళకి, వెళ్ళలేనివాళ్ళకి ఉంది. వాళ్ళు తక్కువమంది కారు. మన దేశంలో రకరకాల మానసిక సమస్యలున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడంలేదని బెంగళూరు నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ సర్వే తేల్చింది. ఆ కొరతని యంత్రంతో పూడ్చేద్దాం, మనిషి అక్కర్లేదు అని మీ కంపెనీలో ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకోకు. తన కథ చెప్పి ఏడ్చినామెకి హెడ్‌సెట్ తీయగానే ఎదుట ఒక ముఖం కనబడాలి.

డేటా సంగతి నువ్వు మెయిల్‌లో ఒక్క ముక్కతో దాటేశావు. ఆమె ఎటు చూసింది, ఎక్కడ గుండె వేగం పెరిగింది, ఏ మాట దగ్గర ఆగింది, అన్నీ మీ కంప్యూటర్‌లో ఉంటాయి. ఆమె ఊరు చిన్నదైతే, కేసు పత్రికల్లో వచ్చి ఉంటే, పేరు తీసేసినంత మాత్రాన ఆమెని దాచలేరు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం మన చట్టంలో నేరం. అవసరం లేనిది అసలు దాచుకోకండి. సెషన్‌లో ఆమె చెప్పిన మాటల రికార్డు ఆమె ఫోన్‌లో ఉండాలి, మీ సర్వర్‌లో కాదు.

పని మొదలుపెట్టే ముందు భరోసా కేంద్రంలో లేదా బాధిత స్త్రీల కోసం నడిచే సఖి కేంద్రాల్లో కౌన్సిలర్లుగా పనిచేసేవాళ్ళని కలిసి, ఏ చోట్లకి వెళ్ళలేకపోతున్నామని బాధితులు ఎక్కువగా చెబుతారో అడుగు. బాధితుల్ని నేరుగా అడగవద్దు, వాళ్ళు నీ పరిశోధన కోసం మళ్ళీ అన్నీ చెప్పుకోకూడదు. షేర్ ఆటో వెనక సీటు, అపార్ట్‌మెంటు లిఫ్టు, సెల్లార్ పార్కింగు, పొద్దుటి వాకిలి, ఏటీఎం గది, ఆఖరి బస్సు దిగిన స్టాపు. నా అంచనా ఇది, వాళ్ళది నాకంటే మెరుగ్గా ఉంటుంది. మొదట ఒక్కటే కట్టు, పొద్దుటి వాకిలి. మధ్యలో ఎక్కడైనా నీకే గుండె బరువెక్కి నిద్ర పట్టకపోతే, మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యి, లేదా 14416 టెలీ మానస్‌కి చెయ్యి. ఇలాంటి కథల మధ్య పనిచేసేవాళ్ళకీ అవి అంటుకుంటాయి.

చప్పుళ్ళ జాబితా రాసి పంపించు, అందులో ఏవి ఉండాలో ఏవి వద్దో నేను చెబుతాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు హెడ్‌సెట్ తీసుకురా, మీ అమ్మకి కూడా పెట్టి చూద్దాం. ఆ వెనక్కి తగ్గే బటన్ తయారయిందో లేదో అప్పుడు నేను నొక్కి చూస్తాను.

మీ అమ్మానాన్నలకి అడిగానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ